జూన్ 2 బోర్డు: బేస్‌బాల్‌లో ఈ రోజు ఏం జరిగిందో తప్పు పోకుండా రాసే పద్ధతి

అనంతపురంలో ఎండాకాలం క్యాంపు పొద్దున ఐదున్నరకు మొదలై ఎనిమిదికల్లా ముగిసిపోవాలి. ఆ తర్వాత ఎర్రమన్ను కాళ్లు కాలుస్తుంది, గ్లౌజులో చెయ్యి చెమటకు నానిపోతుంది. ఆరున్నర ప్రాంతంలో పిల్లలు నీళ్లకని చెట్టు కిందికి వస్తారు. అక్కడ గోడకు ఆనించిన నల్లబోర్డు మీద, ఆ తేదీన బేస్‌బాల్ చరిత్రలో జరిగిన ఒక్క సంగతి రాసి ఉంచితే, అందరూ చదవడానికి ఐదు నిమిషాలు చాలు. చదివి వదిలేస్తే మరుసటి రోజుకు గుర్తుండదు. చదివిందాన్ని వెంటనే గ్రౌండులో చేసి చూస్తే నిలుస్తుంది. అందుకే బోర్డెక్కే సంగతికి రెండు పరీక్షలు పెట్టాలి. తేదీ ఖాయంగా అదేనా? పిల్లలు చేసి చూడడానికి అందులో ఏమన్నా ఉందా?

జూన్ 2నే తీసుకుందాం. ఆ తేదీ మన పిల్లలకు ముందే తెలుసు, 2014లో రాష్ట్రం రెండయిన రోజు. బేస్‌బాల్‌కూ ఆ రోజు నిండైనదే. పైగా తేదీలో ఎన్ని రకాలుగా తప్పు పోవచ్చో అన్నీ ఈ ఒక్క రోజులోనే కనిపిస్తాయి.

ముందు తేదీ సంగతి

మొదటి గండం, అమెరికావాళ్లు నెల ముందు రాసి రోజు తర్వాత రాస్తారు. 6/2 అని కనిపిస్తే మన కంటికి అది ఫిబ్రవరి 6, వాళ్లకు జూన్ 2. ఈ తేదీ దగ్గర ఇది ఉత్త అనుమానం కాదు. పాతకాలపు పెద్ద ఆటగాడు బేబ్ రూత్ పుట్టింది 1895 ఫిబ్రవరి 6న. ఆట మానేస్తున్నట్టు ప్రకటించింది 1935 జూన్ 2న. ఒకే మనిషి జీవితంలో 6/2 రెండు చోట్లా సరిపోతుంది. కాగితం మీద అంకెలుంటే వెంటనే నెల పేరును అక్షరాల్లో రాసి పెట్టుకోవాలి. ఫిబ్రవరిలో పెద్ద లీగుల్లో (అమెరికా మేజర్ లీగులు) లెక్కకు వచ్చే ఆటలు జరగవు కాబట్టి, ఆట సంగతికి ఫిబ్రవరి తేదీ వచ్చిందంటే అంకెలు తారుమారయ్యాయని గట్టిగా అనుమానించవచ్చు. 4/9, 5/6, 9/7 లాంటివాటికి ఈ చిట్కా పనికిరాదు, రెండు నెలల్లోనూ ఆటలుంటాయి. అక్కడ ఆ ఆట స్కోరు పట్టీ (బాక్స్ స్కోర్) తెరిచి చూడక తప్పదు.

ఇక్కడే ఇంకో మాట. రూత్ తను 1894 ఫిబ్రవరి 7న పుట్టానని చాలా ఏళ్లు అనుకున్నాడు. 1934లో పాస్‌పోర్టు కోసం జనన పత్రం చూసేదాకా అసలు సంగతి తెలియలేదు. పాత పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తే కారణం ఇదే.

రెండోది గడియారం. ఆట జరిగిన ఊళ్లో ఏ తేదీయో బోర్డుకు అదే తేదీ, మన గడియారంతో పని లేదు. అయినా మన లెక్క తెలిసి ఉండాలి, ఎందుకంటే ఫోనులో ప్రత్యక్షంగా చూసిన పిల్లలు మన తేదీనే గుర్తు పెట్టుకుంటారు. ఆటలు జరిగే ఎండాకాలంలో న్యూయార్క్, డెట్రాయిట్, అట్లాంటాల కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. షికాగో కంటే పదిన్నర, లాస్ ఏంజెలెస్, సియాటిల్ కంటే పన్నెండున్నర గంటలు ముందు. న్యూయార్క్‌లో మధ్యాహ్నం రెండున్నర దాటిందంటే మనకు తేదీ మారినట్టే. రాత్రి ఆటలన్నీ మనకు మరుసటి పొద్దుటివి. 1974 ఏప్రిల్ 8 రాత్రి 9:07కు అట్లాంటాలో హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టి రూత్ 714ను దాటినప్పుడు, అనంతపురంలో ఏప్రిల్ 9 పొద్దున 6:37. అయినా బోర్డు మీద ఏప్రిల్ 8 అనే రాయాలి. చాలా పాత ఆటలకు ఈ గంటల లెక్క వేయవద్దు, ఆ రోజుల్లో గడియారం ముందుకు జరిపే పద్ధతి ఊరికో తీరుగా ఉండేది.

జూన్ 2కు ఈ గడియారం ఒక ఉచ్చు పన్నింది. న్యూయార్క్ మెట్స్ జట్టుకు 51వ సీజన్ దాకా ఒక్క నో-హిట్టర్ (అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) కూడా లేదు. 2012లో యోహాన్ సాంటానా 134 బంతులు వేసి ఆ లోటు తీర్చాడు. అది జూన్ 1 రాత్రి ఆట. మనకు తెల్లవారి జూన్ 2. ఊరిస్తుంది కానీ జూన్ 2 బోర్డుకు రాదు.

మూడోది, అర్ధరాత్రి దాటిన ఆటలు. ఆట మొదలైన తేదీయే లెక్క. 1985 జూలై 4న అట్లాంటాలో మొదలైన మెట్స్, బ్రేవ్స్ ఆట 19 ఇన్నింగ్స్ సాగి, 16-13తో తెల్లవారుజామున 3:55కు ముగిసింది. పండగ బాణసంచా ఆ తర్వాత కాల్చారు. రికార్డులో మాత్రం అది జూలై 4 ఆటే.

నాలుగోది అన్నిటికంటే మోసకారిది. వానకు ఆగిపోయి ఇంకో నెలలో కొనసాగిన ఆటలకు కూడా మొదటి తేదీయే వేస్తారు. డానీ జాన్సెన్ 2024 జూన్ 26న టొరంటో తరఫున బ్యాటింగుకు నిలబడి ఉండగా ఆట ఆగింది. ఆగస్టు 26న అదే ఆట మళ్లీ మొదలైనప్పుడు బోస్టన్ తరఫున క్యాచర్‌గా వచ్చాడు. ఒకే ఆటలో రెండు జట్లకూ ఆడిన మొదటి మనిషి. పిల్లలు చూసింది ఆగస్టులో, లెక్క పుస్తకంలో ఉన్నది జూన్. ఇలాంటివాటికి బోర్డు మీద రెండు తేదీలూ రాయడమే మంచిది. ఒక్కటే రాస్తే ఎవరో ఒకరు తప్పని వాదనకు దిగుతారు.

ఐదోది, ప్రకటన వేరు, చివరి ఆట వేరు. రూత్ చివరిగా ఆడింది 1935 మే 30న ఫిలడెల్ఫియాలో. చివరి మూడు హోమ్ రన్లు మే 25న పిట్స్‌బర్గ్‌లో, ఒకే ఆటలో. జూన్ 2న అతను బ్యాటు పట్టలేదు. "రూత్ చివరి ఆట, జూన్ 2" అని రాస్తే తప్పు. "రూత్ ఆట మానేస్తున్నట్టు చెప్పిన రోజు" అంటే ఒప్పు.

ఏవేవి ఉన్నాయి, ఏది తీసుకోవాలి

జూన్ 2కు నిలబడే సంగతులు ఇవి. 1925లో లూ గెరిగ్ న్యూయార్క్ యాంకీస్ తరఫున మొదటి బేస్‌లో వాలీ పిప్ స్థానంలోకి వచ్చాడు. 1935లో రూత్ విరమణ. 1941లో, మొదటి బేస్‌లోకి వచ్చిన రోజుకు సరిగ్గా పదహారేళ్లకు, గెరిగ్ 37 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కండరాలను చచ్చుబడేసే ఏఎల్ఎస్ జబ్బుకు అమెరికాలో ఇప్పటికీ అతని పేరే వాడుక. 1990లో రాండీ జాన్సన్ డెట్రాయిట్ మీద సియాటిల్ జట్టు చరిత్రలోనే మొదటి నో-హిట్టర్ వేశాడు, 2-0. 2010లో 630 హోమ్ రన్ల కెన్ గ్రిఫీ జూనియర్ విరమణ. అదే 2010 జూన్ 2 రాత్రి డెట్రాయిట్‌లో ఒక తప్పు తీర్పుకు పేరుపడిన ఆర్మాండో గలరాగా ఆట.

ఆరూ రాస్తే ఆరూ పోతాయి. ఒక్కటే రాయాలి. విరమణల్లో పిల్లలు చేసి చూసేదేమీ లేదు, తీసేయండి. మరణం నీళ్ల విరామంలో చెప్పే సంగతి కాదు. నో-హిట్టర్ బాగుంటుంది, అయితే పిచ్చర్ (బంతి వేసేవాడు) ఒక్కడి పనే కనిపిస్తుంది, మిగతా ఎనిమిది మంది చేతులు కట్టుకుని చూస్తారు. మిగిలినవి 1925, 2010. రెంటిలోనూ కథ నడిచేది మొదటి బేస్ దగ్గరే. 1925 సంగతి చెప్పడానికి రుచిగా ఉంటుంది, కానీ దాని చుట్టూ పుకార్లు ముసిరాయి. ఈ ఏడాదికి 2010ని తీసుకుని, 1925ను వచ్చే ఏడాదికి దాచండి.

సరిచూసుకోవడం

వచ్చే ఏడాదికి దాచిన 1925 సంగతే సరిచూడడానికి మంచి పాఠం. జనంలో తిరిగే కథ ఇది: పిప్ తలనొప్పిగా ఉందని మాత్ర అడిగాడు, మేనేజరు ఇవాళ్టికి కూర్చో అన్నాడు, గెరిగ్ వచ్చాడు, పిప్ మళ్లీ ఆ చోటు చూడలేదు. చెప్పుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. నిజానికి ఆ ఏడాది యాంకీస్ ఆట ఘోరంగా సాగుతోంది. ఎనిమిది జట్లలో చివరికి ఏడో స్థానంలో నిలిచారు. మేనేజరు మిల్లర్ హగ్గిన్స్ ఆ రోజు పిప్‌తోపాటు మరికొందరినీ పక్కన పెట్టాడు. పిప్ తలకు దెబ్బ తగిలి ఆస్పత్రి పాలయిన మాట నిజమే, కానీ అది సరిగ్గా నెల తర్వాత, జూలై 2న, బ్యాటింగ్ సాధనలో. రెండు రోజులు కలిసిపోయి ఒక కథ పుట్టింది. కథ మరీ నున్నగా ఉందంటే తేదీని ఇంకోసారి చూడాలి.

గెరిగ్ వరుస ఆటల లెక్కలో ఇంకో మెలిక ఉంది. 2,130 ఆటల వరుస మొదలైంది జూన్ 2న కాదు, జూన్ 1న. ముందురోజు అతను షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పీవీ వానింగర్‌కు బదులు ఒక్కసారి బ్యాటింగుకు వచ్చాడు, లెక్క అక్కడ మొదలవుతుంది. అంతకు ముందు నెలలో 1,307 ఆటల వరుస ఉన్న ఎవరెట్ స్కాట్‌ను పక్కన పెట్టి తెచ్చింది కూడా ఈ వానింగర్‌నే. జూన్ 2న గెరిగ్ మొదటి బేస్‌ మనిషి అయ్యాడు, అంతే. "వరుస మొదలైన రోజు" అని జూన్ 2 కింద రాసిన చోట్లు కనిపిస్తాయి, వాటిని ఎత్తి రాయవద్దు. రికార్డు అన్నప్పుడు గడువు కూడా వేయాలి. గెరిగ్‌ది 1995 సెప్టెంబరు 6 దాకే రికార్డు. ఆ రోజు కాల్ రిప్కెన్ 2,131కి చేరి, చివరికి 2,632 దగ్గర ఆగాడు.

సరిచూడడానికి రెట్రోషీట్, బేస్‌బాల్ రిఫరెన్స్ అనే రెండు వెబ్‌సైట్లు చాలు, రెండూ ఉచితమే. ఏ ఆటకైనా స్కోరు పట్టీ తీసి నాలుగు చూడండి: తేదీ, ఊరు, స్కోరు, మీరు రాయబోయే మనిషి పేరు ఆ పట్టీలో ఉందా లేదా. నాలుగూ కుదిరితేనే బోర్డెక్కించాలి. "ఈ రోజు చరిత్రలో" అని తయారుచేసి పెట్టిన జాబితాలు దారి చూపడానికి బాగుంటాయి. ఒక జాబితాలోని తప్పును ఇంకో జాబితా ఎత్తుకుంటుంది కాబట్టి సాక్ష్యానికి పనికిరావు. వాటిలో మూడు చోట్ల కనిపించినా అది ఒక్క సాక్ష్యమే.

పాత బోర్డు రాతలను తిరిగి వాడేటప్పుడు జాగ్రత్త. 2024 మేలో పెద్ద లీగులు, ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగుల లెక్కలను తమ రికార్డుల్లో కలుపుకున్నాయి. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ .367ను దాటి జాష్ గిబ్సన్ .372 మొదటికి వచ్చింది. అంతకు ముందు రాసుకున్న నోట్‌బుక్కులో కాబ్ పేరే ఉంటుంది.

బోర్డు రాయడం

నాలుగడుగులు, మూడడుగుల బోర్డుకు ఆరు వరుసలు మించవద్దు. చదివే దూరం ప్రతి పది అడుగులకు అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉండాలి. చెట్టు కింద చివరి వరుస ఇరవై అడుగుల దూరంలో కూర్చుంటుంది, కాబట్టి రెండు అంగుళాలు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు వదిలినంత చోటు వదిలితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో ఇరుక్కుంటుంది. వరుసకూ వరుసకూ మధ్య కనీసం అక్షరం ఎత్తంత ఖాళీ ఉంచండి. తెల్ల సుద్ద, పసుపు సుద్ద మాత్రమే వాడండి, ఎరుపు, నీలం నల్లబోర్డు మీద దూరానికి ఆనవు. బోర్డును ముందు రోజు సాయంత్రం రాసి బయట పెట్టకండి. జూన్ మొదట్లో మన వైపు గాలి ఎక్కువ, తెల్లారేసరికి దుమ్ము పొర కప్పేస్తుంది, తుడవబోతే రాత కూడా పోతుంది. పొద్దున ఐదుంబావుకు రాస్తే సరి.

రాయాల్సింది ఇది (3-1, 5-3 అంటే ఏంటో కింద ఉంది):

జూన్ 2, 2010, డెట్రాయిట్
డెట్రాయిట్ 3, క్లీవ్‌లాండ్ 0
పిచ్చర్ గలరాగా: వరుసగా 26 మంది అవుట్
27వ మనిషి: 3-1. బంతి ముందు, కాలు వెనక. అంపైర్ "సేఫ్" అన్నాడు
28వ మనిషి: 5-3. ఆట ముగిసింది
ఈ రోజు మన పని: 3-1

క్లీవ్‌లాండ్ జట్టు పేరు ఆ రోజుల్లో ఇండియన్స్. 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. బోర్డు మీద "ఇండియన్స్ ఓడిపోయారు" అని రాశారా, నీళ్ల విరామం మొత్తం మనవాళ్లు అమెరికా ఎప్పుడు పోయారన్న చర్చతోనే సరి. ఊరి పేరు చాలు. ఆ చర్చ ఎలాగూ వస్తే చెప్పడానికి ఒక నిజమైన జవాబుంది. 2008 నవంబరులో రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. అప్పటిదాకా బల్లెం విసిరినవాళ్లు.

పేర్లను పలికినట్టే రాయండి. గెరిగ్‌లో "హ" పలకదు, "గెహ్రిగ్" అనవద్దు.

క్రికెట్ పిల్లలకు చెప్పేటప్పుడు

పర్ఫెక్ట్ గేమ్ అంటే ఏంటో ముందు లెక్క కట్టించండి. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్సుకు మూడు అవుట్లు, మొత్తం 27. వచ్చిన 27 మందీ వచ్చినట్టే పోవాలి. కొట్టి కాదు, వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉత్తినే దొరికే బేస్) మీద కాదు, ఫీల్డర్ తప్పు వల్ల కాదు, ఏ దారిలోనూ ఒక్కరు కూడా బేస్ చేరకూడదు. నో-హిట్టర్ దీనికి చిన్న తమ్ముడు, అందులో వాక్‌లు ఉండవచ్చు. రాండీ జాన్సన్ 1990లో వేసింది అదే, అతను వాక్‌లు ఇచ్చాడు. పర్ఫెక్ట్ గేమ్‌ను పది వికెట్లతో పోల్చకండి. పది వికెట్లు తీసిన బౌలర్ మామూలుగా పరుగులు ఇచ్చే ఉంటాడు. పెద్ద లీగుల్లో 2023 చివరి నాటికి పర్ఫెక్ట్ గేమ్‌లు 24. గలరాగాది అందులో లేదు.

మొదటి బేస్ దగ్గర అవుట్‌ను మాత్రం రనవుట్‌తో పోల్చవచ్చు. బంతితో వికెట్లు పడగొట్టే బదులు, బంతి చేతిలో ఉన్న ఫీల్డర్ కాలు బేస్‌కు తగిలితే చాలు. బ్యాటర్ అంతకంటే ముందు తొక్కితే సేఫ్. ఒక తేడా పిల్లలు మరిచిపోతారు. బంతి నేల మీద ముందుకు కొట్టాక పరిగెత్తాలా వద్దా అన్న ఎంపిక బ్యాటర్‌కు లేదు.

3-1 అంటే స్కోరు కాదని గట్టిగా చెప్పాలి. స్కోరు రాసేవాళ్లు ఫీల్డర్లకు పెట్టిన నంబర్లు ఇవి: పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ, నడిమి, కుడి ఫీల్డర్లు 7, 8, 9. బంతి మొదటి బేస్ మనిషి నుంచి పిచ్చర్ చేతికి పోతే 3-1.

ఇక ఆ రాత్రి ఆట. మొదటి బేస్ మనిషి మిగెల్ కాబ్రెరా తన కుడివైపు పోయి బంతి అందుకున్నాడు, దాంతో బేస్ ఖాళీ అయింది. గలరాగా పిచ్ నుంచి పరిగెత్తుకొచ్చి, బంతి పట్టి, బేస్ తొక్కాడు. బ్యాటర్ జేసన్ డొనాల్డ్ కాలు తర్వాత పడింది. అంపైర్ జిమ్ జాయిస్ చేతులు రెండూ పక్కలకు చాపాడు. మన గడియారంలో అప్పుడు జూన్ 3 పొద్దున ఆరు దాటింది. ఆట అయ్యాక రీప్లే చూసి జాయిస్ తన తప్పు ఒప్పుకుని, గలరాగా ముఖం మీదే క్షమాపణ చెప్పాడు. మరుసటి రోజు ఆటకు ముందు, ఆడేవాళ్ల పట్టీని గలరాగాయే తీసుకెళ్లి జాయిస్ చేతికిచ్చాడు. తీర్పును లీగు మార్చలేదు. అప్పటికి రీప్లే హోమ్ రన్ గీత దాటిందా లేదా అన్నంతవరకే ఉండేది. బేస్‌ల దగ్గర తీర్పులకు 2014లో వచ్చింది. అంపైర్‌ను తిట్టే మాట బోర్డు మీద ఒక్కటి కూడా ఉండకూడదు. సాయంత్రం ఆటకు మన దగ్గర అంపైరింగ్ చేసేది కూడా ఎవరో ఒక సీనియరు పిల్లవాడే.

గ్రౌండులో 3-1

గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం వద్దు, గాలికి లేచి కళ్లలో పడితే మండి పుండు పడుతుంది. కొలతకు యాభై మీటర్ల టేపు కావాలి, ముప్పై మీటర్లది చాలదు. కొబ్బరి తాడుతో కొలిస్తే లాగినకొద్దీ సాగుతుంది. హోమ్ ప్లేట్ వెనక మొన దగ్గర టేపు మొదలుపెట్టి రెండో బేస్ నడిమికి నేరుగా 38.79 మీటర్లు లాగండి. అదే గీత మీద 18.44 దగ్గర పిచ్చర్ పలక ముందు అంచు వస్తుంది. హోమ్ నుంచి 27.43, రెండో బేస్ నుంచి 27.43 కలిసిన చోట మొదటి బేస్. సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకైతే హోమ్ నుంచి రెండో బేస్ 25.86, పిచ్చర్ పలక 13.11, బేస్‌కూ బేస్‌కూ 18.29. రెండు ఆటల్లోనూ పిచ్చర్ పరుగు బ్యాటర్ పరుగులో పదింట ఏడు వంతులు: బేస్‌బాల్‌లో సుమారు 19.4 మీటర్లు, సాఫ్ట్‌బాల్‌లో 12.9. దూరం తక్కువే కదా అని పిచ్చర్ ఒక్క క్షణం ఆగి చూశాడా, లాభమంతా అక్కడే పోయింది. బంతి తన ఎడమవైపు పోతోందని కనిపించగానే, ఎవరు పడతారో చూడకుండా కదలాలి.

దారి నేరుగా బేస్ మీదికి కాదు. బేస్‌కు నాలుగైదు మీటర్ల ఇవతల, హోమ్ వైపు, గీతకు ఒక మీటరు లోపల ఒక కోన్ పెట్టండి. కోన్ లేకపోతే పాత చెప్పు చాలు. పిచ్చర్ మొదట అక్కడికి పరిగెత్తి, అక్కడి నుంచి గీత వెంబడి బేస్ వైపు తిరగాలి. నేరుగా పోతే అడ్డంగా గీత దాటి బ్యాటర్‌ను గుద్దుకుంటాడు. ఈ పనిలో దెబ్బలన్నీ ఇలా తగిలేవే. బేస్‌కు రెండడుగుల ముందే బంతి చేతికి రావాలి. అప్పుడు కళ్లు బంతి నుంచి బేస్ మీదికి మళ్లడానికి సమయం ఉంటుంది. బేస్ లోపలి అంచును కుడికాలితో తొక్కి, వెంటనే ఎడమకు, మైదానం లోపలికి తిరగాలి. ఎడమకాలితో తొక్కితే ఒళ్లు గీత మీదికి ఊగుతుంది, వెనక నుంచి వచ్చే బ్యాటర్ మడమ తొక్కుతాడు. సాఫ్ట్‌బాల్‌లో మొదటి బేస్ జోడు బేస్ అయితే రంగుది, బయటివైపుది, బ్యాటర్‌ది. తెల్లది ఫీల్డర్‌ది.

మొదటి బేస్ మనిషి బంతిని చేతి కింది నుంచి, ఛాతీ ఎత్తున, పిచ్చర్ చేరబోయే చోటికి వేయాలి. ఉన్న చోటికి వేస్తే వెనక పడుతుంది. గ్లౌజులోంచి బంతి తీసి పిచ్చర్‌కు కనబడేలా ఒక క్షణం చూపించి వేయమనండి, చాలా జారుబాట్లు అక్కడే తగ్గుతాయి.

మొదట బంతి లేకుండా దారి మాత్రమే, ఒక్కో పిచ్చర్ నాలుగుసార్లు. తర్వాత సారు బంతిని మొదటి బేస్ మనిషికి ఐదారడుగుల కుడివైపు దొర్లిస్తారు, బ్యాటర్ ఉండడు, ఇంకో నాలుగు. చివరికి హోమ్ నుంచి ఒకరు పరిగెత్తుతూ ఉండగా ఇంకో నాలుగు. మొదటి రోజు బ్యాటర్‌కు హెల్మెట్ తప్పనిసరి. ఎవరైనా మూడో దశలో వరుసగా రెండుసార్లు బంతి జారవిడిస్తే రెండో దశకు తిప్పి పంపండి. ఆపకుండా చేయిస్తే తప్పే అలవాటవుతుంది.

అంపైర్ పని కూడా పిల్లలకే ఇవ్వండి. బేస్‌కు ఐదారు మీటర్ల దూరంలో, బంతి వచ్చే దారికి పక్కన, దానికి లంబకోణంలో నిలబడాలి. కళ్లు బేస్ మీద కాలును చూడాలి, చెవులు గ్లౌజులో బంతి పడిన చప్పుడు వినాలి. కళ్లు రెంటినీ ఒకేసారి పట్టలేవు కాబట్టే ఈ పద్ధతి. దీని బలహీనత చూపించడానికి మూడో దశలో సగం ఆటలకు మిగతా వాళ్లందరినీ గట్టిగా అరవమనండి. పక్కన స్టూలు మీద ఒక ఫోను పెట్టి నిదానపు వీడియో తీయండి. నిశ్శబ్దంలో ఇచ్చిన తీర్పులు ఎన్ని తప్పాయి, అరుపుల్లో ఎన్ని తప్పాయి అని బోర్డు అడుగున రెండు గడులు గీసి లెక్కపెట్టండి. బ్యాటర్‌కూ బంతికీ తేడా ఒక అడుగు కంటే తక్కువున్నవే లెక్కలోకి తీసుకోండి, మిగతావి ఎవరైనా సరిగ్గా చెప్తారు.

మిగతా తేదీలు

సెలవుల్లో జరిగే క్యాంపుకు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా తేదీలు చాలు, 366 వెతకనక్కరలేదు. చేసి చూడడానికి వీలున్నవి కొన్ని: మే 1, 1991న రికీ హెండర్సన్ 939వ బేస్ దొంగతనంతో (పిచ్చర్ బంతి వేస్తుండగా తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం) రికార్డు కొట్టాడు, అదే రోజు నోలన్ రయన్ ఏడో నో-హిట్టర్ వేశాడు. బేస్ దొంగతనం సాధనకు ఇంతకంటే మంచి రోజు దొరకదు. మే 24, 1935న సిన్సినాటిలో పెద్ద లీగుల మొదటి రాత్రి ఆట. ఆ సాయంత్రం లైట్ల కింద ఎత్తు క్యాచ్‌లు పట్టించవచ్చు. మే 26, 1959న హార్వీ హాడిక్స్ 12 ఇన్నింగ్స్ ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా వేసి, 13వ ఇన్నింగ్స్‌లో 1-0తో ఓడిపోయాడు. ఆ ఓటమి మొదలైంది మూడో బేస్ మనిషి విసురులో తప్పుతో, కాబట్టి ఆ రోజు మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కు విసుర్లు.

ఖాళీ తేదీ వస్తే బలవంతంగా నింపకండి. పొద్దున ఆరున్నరకు వెతికి హడావుడిగా రాసిన బోర్డులోనే 6/2 లాంటి తప్పులు దొర్లుతాయి. ఆ రోజు స్కోరు పట్టీలో ఒక చిహ్నం నేర్పితే చాలు, 6-4-3 అంటే ఏంటో అడిగినా ఐదు నిమిషాలు గడుస్తాయి.

క్యాంపు అయ్యాక పిల్లలు ఉగ్గాణి బజ్జీకి పరిగెత్తేలోపు బోర్డు ఫొటో తీసి, తేదీ, స్కోరు పట్టీ ఎక్కడ చూశారో, సాధనలో ఏది తప్పిందో మూడు వరుసలు నోట్‌బుక్కులో రాయండి. జూన్ 2 పేజీ అడుగున "వచ్చే ఏడాది: గెరిగ్, 1925. వరుస మొదలు జూన్ 1" అని రాసి పెట్టండి. బోర్డును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, పొడిగుడ్డతో తుడిస్తే పసుపు సుద్ద మరక నిలిచి మరుసటి రోజు రాత ఆనదు.